అమెరికా ఉత్తరాన ఉంది... యాంటెన్నా అటు తిప్పండి!

బొబ్బిలిలో ఏ మేడ మీదైనా నిలబడి 'అమెరికా ఎటువైపు?' అని అడిగితే చాలామంది చెయ్యి పడమటికి లేస్తుంది. హామ్ రేడియో తెలిసినవాళ్లు మాత్రం ఉత్తరం చూపిస్తారు. నమ్మకం కుదరకపోతే పిల్లల గ్లోబు తీసుకుని బొబ్బిలికీ న్యూయార్క్‌కీ మధ్య దారం బిగించి చూడండి. అది అరేబియా సముద్రం వైపు పోనేపోదు. హిమాలయాలు, రష్యా దాటి ఆర్కిటిక్ సముద్రం మీదుగా వెళ్లి అమెరికాలో దిగుతుంది. రేడియో తరంగం పట్టే దగ్గరదారి కూడా అదే. లెక్కగా చెప్పాలంటే న్యూయార్క్ ఉత్తరానికి 19 డిగ్రీలు ఎడమన, శాన్‌ఫ్రాన్సిస్కో 23 డిగ్రీలు కుడిన ఉంటాయి. అంటే అబ్బాయి ఆ తీరంలో ఉన్నా, అమ్మాయి ఈ తీరంలో ఉన్నా అమ్మానాన్నలు చూడాల్సింది ఉత్తరం వైపే! లండన్ వాయవ్యం. పోర్ట్‌బ్లెయిర్ ఆగ్నేయం. హైదరాబాద్ పడమరే కానీ కాస్త దక్షిణానికి ఒరుగుతుంది.

సెల్‌ఫోన్‌లో మాట్లాడేవాళ్లకు ఈ దిక్కులతో పనిలేదు. సొంత సెట్టు, సొంత యాంటెన్నాతో, మధ్యలో ఏ కంపెనీ టవరూ లేకుండా మాట్లాడే హామ్‌లకు మాత్రం దిక్కే ప్రాణం. శక్తినంతా నాలుగు వైపులా చల్లేయకుండా ఒకవైపే పంపేది డైరెక్షనల్ యాంటెన్నా. గదిలో బల్బుకీ చేతిలో టార్చిలైటుకీ ఉన్న తేడా అది.

వచ్చిందా... రాలేదన్నయ్యా!

నిజానికి ఇది మనకు కొత్తదేం కాదు. దూరదర్శన్ రోజుల్లో ఇంటింటి మీదా చేపముల్లులా నిలబడిన అల్యూమినియం యాంటెన్నా ఇదే కుటుంబానిది. అన్న పైన తిప్పుతుంటే తమ్ముడు కింద టీవీ ముందు నిలబడి 'రాలేదు... ఇంకొంచెం... ఆ, వచ్చింది, వదిలెయ్' అని కేకలు వేసిన ఇళ్లెన్నో. దాని పేరు యాగీ. జపాన్‌లోని సెండాయ్ నగరంలో తొహోకు విశ్వవిద్యాలయానికి చెందిన ఉడా, యాగీ 1926లో లోకానికి చెప్పారు. కష్టపడింది ఎక్కువగా ఉడా, పేరు మిగిలింది యాగీకి!

తమాషా ఏమిటంటే సొంత దేశమే దాన్ని పట్టించుకోలేదు. 1942లో సింగపూర్‌ను గెలుచుకున్న జపాన్ సైన్యానికి బ్రిటిష్ రాడార్ సిబ్బంది నోటుపుస్తకం ఒకటి దొరికింది. అందులో పదేపదే 'యాగీ' అని ఉంది. అదేమిటో వాళ్లకు అర్థం కాలేదు. చివరికి పట్టుబడిన బ్రిటిష్ సైనికుణ్ణే అడిగితే, అది మీ దేశపు ప్రొఫెసరు పేరేనని చెప్పాడు.

వీణకు మెట్లు... దీనికి కడ్డీలు

బొబ్బిలివాళ్లకు యాగీ లెక్క చెప్పడం తేలిక. ఊరి పక్కనే గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండ వీణలు చేస్తారు. మోగే తీగ పొడవు తగ్గేకొద్దీ స్వరం పైకి పోతుందని అక్కడి పిల్లలకూ తెలుసు. యాంటెన్నా కడ్డీ కూడా అంతే. పొట్టిదయ్యేకొద్దీ పౌనఃపున్యం పెరుగుతుంది. 300ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. 145 మెగాహెర్ట్జ్‌కు రెండు మీటర్లపైన. అందులో సగానికి రవ్వంత తక్కువ... సుమారు 98 సెంటీమీటర్ల కడ్డీ కావాలి. సెట్టు నుంచి వచ్చిన కేబుల్ దానికే తగిలిస్తారు. వెనకాల కొంచెం పొడవైన కడ్డీ పెడితే అది అద్దంలా తరంగాన్ని ముందుకు తోస్తుంది. ముందు కొంచెం పొట్టిది పెడితే లాగుతుంది. మూడు కడ్డీల యాగీతో ఎదురుగా ఉన్నవాళ్లకు మన శక్తి దాదాపు నాలుగింతలైనట్టు వినిపిస్తుంది.

కడ్డీలు పడుకోబెట్టాలా, నిలబెట్టాలా? ఎఫ్ఎమ్‌లో మాట్లాడుకునేవాళ్లు నిలబెడతారు. అవతలివాళ్లవి నిలబడి మనవి పడుకుని ఉంటే సంకేతం నూరో వంతుకు పడిపోవచ్చు. 'ఖరీదైన సెట్టు కొన్నా వినిపించడంలేద'ని వాపోయేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

ఏది కొనాలి?

ఎవరితో మాట్లాడాలన్నదే మొదటి ప్రశ్న. రాష్ట్రమంతటా మాట్లాడాలంటే అసలు దిక్కు యాంటెన్నాయే అక్కర్లేదు. 7 మెగాహెర్ట్జ్‌కు సరిపడా సుమారు 20 మీటర్ల రాగితీగను మధ్యలో ఎత్తి రెండు చివరలు దించితే చాలు. పగటిపూట హైదరాబాద్ వరకూ దానితో మాట్లాడొచ్చు. చవకా, నమ్మకమూనూ. యాగీ మోజులో ఈ తీగను చిన్నచూపు చూడటం పొరపాటు.

విజయనగరం గాలిదారిలో 50 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడికి 145 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడాలంటే యాగీ కావాలి. భూమి గుండ్రం కాబట్టి రెండు వైపులా 12 మీటర్ల ఎత్తున యాంటెన్నాలున్నా అవి ఒకదానికొకటి 'కనిపించేది' సుమారు 28 కిలోమీటర్ల వరకే. మిగతా దూరాన్ని ఎత్తు పెంచో, కడ్డీలు పెంచో నెట్టుకు రావాలి. మధ్యలో కొండ అడ్డొస్తే అదీ కష్టమే.

విదేశాలకైతే 14 మెగాహెర్ట్జ్ మంచిది. కానీ దాని కడ్డీ ఒక్కొక్కటి పది మీటర్లు! ఇరుకు వీధిలో అది తిరగాలంటే పక్కింటివాళ్ల ఆకాశం కూడా కావాలి. 28 మెగాహెర్ట్జ్‌కైతే ఐదు మీటర్లతో సరిపోతుంది. గొడుగును తిరగేసినట్టుండే 'హెక్స్ బీమ్' మధ్యేమార్గం. దానికి కడ్డీలకు బదులు తీగలుంటాయి కాబట్టి గాలి పట్టు తక్కువ.

ఏది కొన్నా కేబుల్ దగ్గర పిసినారితనం పనికిరాదు. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు వాడితే 145 మెగాహెర్ట్జ్‌లో పావువంతు శక్తే పైకి చేరుతుంది. యాగీ ఇచ్చిన నాలుగింతలూ అక్కడికక్కడే హారతి కర్పూరం! అదే పొడవున లావుపాటి ఆర్‌జీ-213 వేస్తే సగానికి పైగా చేరుతుంది.

అక్టోబరు వస్తే గుండె దడ

2013 అక్టోబరు 12న పై-లిన్. 2014లో సరిగ్గా అదే తేదీకి హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న తిత్లీ. ఉత్తరాంధ్రలో యాంటెన్నా ఎత్తేవాళ్లు ఈ తేదీలను తలచుకుని పైపు బిగించాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. హుద్‌హుద్ దెబ్బకు విశాఖలో విమానాశ్రయం పైకప్పే ఎగిరిపోయింది. సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడే హామ్ రేడియో అవసరం. కానీ అప్పటికి మేడ మీద యాంటెన్నా మిగలాలిగా!

ఆ అవసరం ఎలాంటిదో 2004 డిసెంబరులో అండమాన్‌లో తెలిసింది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. ప్రపంచంలోని హామ్‌లతో సరదాగా మాట్లాడటానికే వెళ్లారు. 26 ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. వీయూ4ఆర్‌బీఐ అనే ఆమె స్టేషన్ గొంతు మాత్రం ప్రధాన భూభాగానికి వినిపించింది. సరదాకు తీసుకెళ్లిన సెట్లే 'మావాళ్లు క్షేమమేనా?' అన్న ప్రశ్నలకు జవాబులు మోశాయి.

అందుకే ఈ ప్రాంతానికి అన్నిటికన్నా ఎత్తైన యాంటెన్నా కాదు, అరగంటలో దించగలిగేదే గొప్పది. జీఐ పైపు అడుగున కీలు బిగించి వంచడానికి వీలుగా పెట్టుకోవాలి. మూడు వైపులా సమదూరంలో స్టే వైర్లు కట్టి, కరెంటు స్తంభాల స్టేలకు ఉండే పింగాణీ గుడ్ల లాంటివి మధ్యమధ్యలో వేయాలి. తుపాను హెచ్చరిక రాగానే యాగీని పడుకోబెట్టి కట్టేయాలి, కేబుల్ ఊడదీయాలి. గాలి తగ్గాక మొదట రాగితీగ ఎత్తి మాట్లాడాలి, యాగీ సంగతి తర్వాత. పైపు ఏ వైపు ఒరిగినా కరెంటు తీగలను తాకనంత దూరంలో ఉండాలి... ఇందులో మాత్రం రాజీ వద్దు. వేసవి పిడుగుల కోసం మంచి ఎర్తింగు ఉండాలి. అది ఉన్నా ఉరుము వినబడగానే కేబుల్ తీసెయ్యడమే మేలు. దిక్కు చూసుకోవడానికి మామూలు దిక్సూచి చాలు, ఇక్కడ అది చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ లోపే.

మాట్లాడాలంటే ఇవన్నీ కాక కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. పరీక్ష పాసవ్వాలి. పన్నెండేళ్లు నిండిన పిల్లలూ రాయొచ్చు.

పైపూ తుపాను భయమూ లేని యాగీ కూడా ఒకటుంది. చేత్తో పట్టుకునేది! చెక్కకర్రకు మూడు కడ్డీలు బిగించి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తలమీదుగా వెళ్లేటప్పుడు దానివైపే తిప్పుతూ పోతారు. 2025 జూలైలో వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడినుంచి విద్యార్థులతో మాట్లాడింది హామ్ రేడియోలోనే. అంతరిక్ష కేంద్రం గొంతు 145.800 మెగాహెర్ట్జ్‌లో దిగుతుంది. ఒకసారి ఎదురైతే పట్టుమని పది నిమిషాలుంటుంది. మేడ మీద తమ్ముడు తిప్పాలి, అన్నయ్య వినాలి.