పేలిన నక్షత్రం లోపలి సరుకు పైకెలా వచ్చింది? ఆరు నెలలకే దొరికిన క్లూ

1987 ఫిబ్రవరిలో మన పక్క గెలాక్సీ లార్జ్ మెజెల్లానిక్ క్లౌడ్‌లో ఓ భారీ నక్షత్రం పేలడం కనిపించింది. పేరు ఎస్‌ఎన్ 1987ఏ. టెలిస్కోప్ లేకుండానే కనిపించేంత వెలుగు!

చనిపోయే ముందు ఇలాంటి నక్షత్రం ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉంటుంది. పైన హైడ్రోజన్, దాని కింద హీలియం, ఇంకా లోపల ఆక్సిజన్, సిలికాన్, నట్టనడుమ ఇనుము. పేలినా ఈ వరుస చెదరదని చాలా లెక్కలు వేశారు. పేలుడు వేడికి లోతుల్లో రేడియోధార్మిక నికెల్ పుడుతుంది. అది కోబాల్ట్‌గా, తర్వాత ఇనుముగా మారుతూ గామా కిరణాలు వదులుతుంది. అవి పై పొరల్లో ఢీకొట్టుకుంటూ బలం తగ్గి, ఎక్స్‌రేలుగా బయటపడాలి. ఇందుకు దాదాపు ఏడాది పడుతుందని అంచనా.

కానీ ఆగస్టులోనే జపాన్ ఉపగ్రహం గింగా ఆ ఎక్స్‌రేలను పట్టేసింది. అంటే నికెల్ అప్పటికే పైకి వచ్చేసింది!

ఎలాగంటారా? నూనె మీద మెల్లగా నీళ్లు పోసి చూడండి. నీళ్లు తీగల్లా కిందికి జారతాయి, నూనె పైకి లేస్తుంది. ఇక్కడా దాదాపు అంతే. పేలుడు తాకిడి హైడ్రోజన్ పొరలోకి వెళ్లగానే స్లో అవుతుంది. వెనక నుంచి దూసుకొచ్చే బరువైన పదార్థం ఆగదు కదా, తేలిక పొరను చీల్చుకుంటూ వేళ్లలా చొచ్చుకుపోతుంది. దీన్నే రేలీ-టేలర్ అస్థిరత అంటారు.

అయితే ఇదొక్కటే సరిపోలేదు. కొంత నికెల్ సెకనుకు 3,000 కిలోమీటర్ల వేగంతో పోతోంది. గుండ్రంగా, అన్నివైపులా సమానంగా పేలిందనుకుంటే కంప్యూటర్ లెక్కల్లో అంత వేగం రాలేదు. అందుకే పేలుడే మొదట్నుంచీ ఒక పక్కకు ఒరిగి ఉండాలంటున్నారు సైంటిస్టులు. క్యాసియోపియా ఏ శిథిలాల్లోనైతే కొన్నిచోట్ల ఇనుము సిలికాన్‌ను దాటి బయట ఉన్నట్టు చంద్రా టెలిస్కోప్ చూపించింది.