బండి పోయినా పేరు పోదు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వారి కాలంలో మోటారు వాహనాలు ఇంతగా లేవు గనుక సరిపోయింది గాని, లేకుంటే బండి అమ్మి చూడు అని మూడవ మాట కూడా చేర్చి ఉండేవారు. బండి కొనడం నేడు సులభం. షోరూము వారే కాగితాలన్నీ సిద్ధం చేసి, నిమ్మకాయలు తొక్కించి, తాళంచెవి చేతిలో పెడతారు. అమ్మడం అంతకంటే సులభమని మనం అనుకొంటాం. పైకం లెక్కపెట్టుకోవడం, తాళంచెవి ఇచ్చివేయడం, అంతే గదా! కాని చట్టం దృష్టిలో అది సగం పని మాత్రమే. మిగిలిన సగం పూర్తి కాని కారణాన మన సహోద్యోగులు కొందరు, ముఖ్యంగా పదవీ విరమణ చేసినవారు, పడుతున్న ఇబ్బందులు చూచిన మీదట ఈ నాలుగు మాటలు వ్రాయవలెనని మాకు తోచినది.

యజమాని ఎవరు?

వాహనం చరాస్తి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం బేరం కుదిరి, వస్తువును అప్పగించిన తరువాత అది సాధారణంగా కొన్నవారి సొత్తు అవుతుంది. బీరువా అయినా, కుట్టుమిషను అయినా ఇదే న్యాయం. అయితే బీరువా రోడ్డు మీదికి వచ్చి ఎవరినీ ఢీకొనదు. మోటారు వాహనం ఢీకొంటుంది. అందుచేత దానికి వేరొక చట్టం కావలసి వచ్చినది.

1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చినది. ఇందులోని 2(30) సెక్షను ‘యజమాని’ అనే పదానికి అర్థం చెప్పినది. ఎవరి పేర వాహనం రిజిస్టరు అయి ఉన్నదో వారే యజమాని. (మైనర్ల విషయంలో సంరక్షకుడు, అప్పు మీద తీసుకొన్న వాహనమైతే ఆ ఒప్పందం క్రింద వాహనం ఎవరి స్వాధీనంలో ఉన్నదో వారు.) అంతకు ముందున్న 1939 నాటి చట్టంలో యాజమాన్యాన్ని రిజిస్ట్రేషనుతో ఇంత గట్టిగా ముడివేయలేదు. అంటే 1989 తరువాత బండికి ఇద్దరు యజమానులు ఉండే అవకాశం ఏర్పడినది. డబ్బిచ్చి కొని నడుపుకొంటున్న వారు ఒకరు. ప్రభుత్వ దస్తరంలో పేరున్న వారు మరొకరు. ప్రమాదం జరిగిన నాడు చట్టం వెదకేది ఈ రెండవ వారిని.

2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఈ విషయాన్ని మరింత తేటతెల్లం చేసినది. ఆ కేసులోని కారును రిజిస్టరైన యజమాని 2007లోనే అమ్మివేశానన్నారు. అది ఆ పైన మరికొన్ని చేతులు మారినది. 2009లో ప్రమాదం జరిగేనాటికి రిజిస్ట్రేషను మాత్రం మొదటివారి పేరనే ఉన్నది. బాధితులు ఒకరి తరువాత ఒకరుగా కొనుగోలుదారుల జాడ తీస్తూ తిరగవలసిన అవసరం లేదనీ, రిజిస్టరులో పేరున్నవారే పరిహారానికి బాధ్యులనీ కోర్టు తీర్పు చెప్పినది.

మన విద్యుత్ విభాగం వారికి ఈ సూత్రం క్రొత్త కాదు. లైను మీద పని ముగిసి, మనుషులందరూ క్రిందికి దిగివచ్చినంత మాత్రాన పని అయిపోయినట్లు కాదు. తీసుకొన్న ఎల్.సి.ని తిరిగి అప్పగించి సంతకం చేసేవరకు బాధ్యత ఎల్.సి. ఎవరి పేర ఉన్నదో వారిదే. వాహనం రిజిస్ట్రేషను కూడా అటువంటి ఎల్.సి. వంటిదే.

ఒక పెద్దాయన అనుభవం

మా విభాగంలో చిరకాలం ఫోర్‌మన్‌గా పనిచేసి విరమించిన పెద్దాయన ఒకరు, క్వార్టరు ఖాళీ చేసే రోజులలో తన మోటారు సైకిలును టౌన్‌షిప్‌లో కూరగాయలు అమ్మే యువకునికి ఇచ్చివేశారు. తెలిసిన కుర్రవాడు, మంచివాడు. ఒక తెల్ల కాగితం మీద ‘ముట్టినది’ అని వ్రాసుకొన్నారు. తేదీ వేసుకోలేదు. పేరు మార్పిడి సంగతి ‘వచ్చే నెలలో చూద్దాం’ అనుకొన్నారు. ఆ వచ్చే నెల రానే లేదు.

నాలుగేళ్ళు గడిచాయి. బండి ఆ యువకుని నుండి మరొకరికి, వారి నుండి వేరొకరికి చేరినది. పొరుగు జిల్లాలో ఒక సాయంత్రం అది రోడ్డు దాటుతున్న మనిషిని ఢీకొన్నది. ఆయన బ్రతకలేదు. బీమా గడువు ఎప్పుడో తీరిపోయినది. మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్ నుండి నోటీసు మన పెద్దాయన స్వగ్రామానికి రిజిస్టరు తపాలాలో వచ్చినది. ఇంటిలో ఆయన లేని సమయంలో వారి శ్రీమతి సంతకం చేసి తీసుకొన్నారు.

పరిహారం చెల్లించనప్పుడు దానిని భూమి శిస్తు బకాయి వలె కలెక్టరు ద్వారా వసూలు చేయడానికి చట్టంలో 174వ సెక్షను ఉన్నది. పదవీ విరమణ నాటి సొమ్ముతో కట్టుకొన్న ఇంటికి అది ఎంత ముప్పో వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఆ పెద్దాయన మాతో అన్న మాట మరొకటి. “నోటీసుకు నేను అంతగా భయపడలేదండీ. కోర్టు వరండాలో ఆ చనిపోయినాయన భార్యనూ, ఇద్దరు పిల్లలనూ చూచినప్పుడు మాత్రం నోట మాట రాలేదు. నేను నడపని బండి, నాది కాని బండి. అయినా వారి కళ్ళకు నేనే ఎదుటి పక్షం.” ఆ కేసు ఇంకా నడుస్తున్నది.

చట్టం ఇంత కఠినంగా ఎందుకున్నదని కొందరు విసుగుకొంటారు. ఆ వరండాలో కూర్చున్న కుటుంబం వైపు నుండి ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది. బండి ఎన్ని చేతులు మారినదో, ఎవరు ఎవరికి అమ్మారో తేల్చుకొని రమ్మని వారిని పంపడం న్యాయం కాదు. దస్తరంలోని పేరు ఒక్కటే వారికి ఆధారం. ఆ పేరు సరిగా ఉండేటట్లు చూడడం మన వంతు.

చట్టం పెట్టిన గడువులు

50వ సెక్షను అమ్మినవారికీ, కొన్నవారికీ వేర్వేరుగా బాధ్యతలు నిర్ణయించినది. అదే రాష్ట్రంలో రిజిస్టరైన వాహనమైతే, అమ్మినవారు 14 రోజులలోగా ఆ సంగతిని రిజిస్టరింగ్ అధికారికి తెలిపి, ఆ నివేదిక ప్రతిని కొన్నవారికి కూడా పంపవలెను. ఇందుకు వాడేది ఫారం 29. వేరొక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనమైతే 45 రోజులలోగా నిరభ్యంతర పత్రం, అంటే ఎన్.ఓ.సి., జతచేయవలెను. కొన్నవారు 30 రోజులలోగా ఫారం 30తో, రుసుముతో, ఆర్.సి.తో తమ ప్రాంతపు అధికారి వద్ద దరఖాస్తు చేసుకోవలెను.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ఫారం 29 ఇచ్చినంత మాత్రాన రిజిస్టరులో పేరు మారదు. అది మనం సమాచారం ఇచ్చినట్లు రుజువు మాత్రమే. కొన్నవారి దరఖాస్తు మీద అధికారి పేరు మార్చినప్పుడే మన బాధ్యత తీరుతుంది. కనుక ‘నా పని నేను చేశాను, ఆయన పని ఆయన చూసుకొంటాడు’ అనుకోవడం క్షేమం కాదు.

సంతకం చేసిన ఖాళీ ఫారాలు

మన ప్రాంతాలలో వాడుకలో ఉన్న పద్ధతి ఒకటి అందరికీ తెలిసినదే. బ్రోకరు వచ్చి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయించుకొంటాడు. కొన్నవారి పేరు, తేదీ ఉండవలసిన చోట్లు ఖాళీగా వదులుతాడు. ఆ కాగితాలు బండితోబాటు చేతులు మారుతూ ఉంటాయి. చివరకు ఎవరు తమ పేర మార్చుకోదలిస్తే వారి పేరు అందులో వ్రాసుకొంటారు. మధ్యలో ఉన్నవారెవ్వరూ రిజిస్టరులోకి రారు. అన్నాళ్ళూ యజమాని మనమే. ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇవ్వడానికి సంకోచించే మనం, ఖాళీ ఫారం మీద సంతకానికి ఎందుకు సంకోచించమో ఆలోచించవలసి ఉన్నది.

పాత వాహనాల వ్యాపారులకు అమ్మేవారికి ఇప్పుడు కొంత రక్షణ ఏర్పడినది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం సవరించిన నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. రవాణా శాఖ నుండి అధికారపత్రం పొందిన డీలరుకు వాహనాన్ని అప్పగించి, ఆ సంగతిని నిర్ణీత పద్ధతిలో అధికారికి తెలియపరిస్తే, అప్పటినుండి ఆ డీలరునే యజమానిగా పరిగణిస్తారు. అయితే డీలరుకు అధికారపత్రం ఉన్నదో లేదో ముందుగా అడిగి చూడవలెను.

మన ఉద్యోగులు ప్రత్యేకంగా గమనించవలసినవి

సంస్థ నుండి వాహన అడ్వాన్సు తీసుకొన్నవారి ఆర్.సి.లో సంస్థ పేర హైపోథికేషన్ నమోదై ఉంటుంది. వాయిదాలన్నీ జీతం నుండి ఎప్పుడో కోతపడి ఉండవచ్చు, ఆర్.సి.లోని నమోదు మాత్రం దానంతట అది తొలగదు. ఆర్థిక విభాగం నుండి ఫారం 35 మీద సంతకం తీసుకొని రవాణా కార్యాలయంలో దాఖలు చేయవలెను. విరమణ చేసి ఊరు వెళ్ళిన తరువాత దీనికోసం తిరిగి రావడం కష్టం. బ్యాంకు అప్పులకూ ఇదే పద్ధతి.

బదిలీ మీద వేరొక రాష్ట్రానికి వెళ్ళి, అక్కడ పన్నెండు నెలలకు మించి వాహనం ఉంచితే ఆ రాష్ట్రపు నంబరు తీసుకోవలెను. అందుకు మాతృ కార్యాలయం నుండి ఎన్.ఓ.సి. కావలెను. తరచు బదిలీలయ్యే మనవంటి వారి కోసం 2021 సెప్టెంబరు నుండి ‘బి.హెచ్.’ శ్రేణి అందుబాటులో ఉన్నది. ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు దీనికి అర్హులు. రాష్ట్రం మారినప్పుడు నంబరు మార్చుకోనవసరం లేదు. పన్ను రెండేళ్ళకొకసారి గాని, రెండు గుణిజాలుగా గాని చెల్లించవచ్చు.

బీమా విషయం

157వ సెక్షను ప్రకారం వాహనం చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ బీమా కొన్నవారికి సంక్రమించినట్లే భావిస్తారు. వారు 14 రోజులలోగా బీమా సంస్థకు దరఖాస్తు చేసుకోవలెను. వాహనానికి కలిగే సొంత నష్టం మాత్రం ఈ సెక్షను పరిధిలోకి రాదు. దానికి బీమా సంస్థ అంగీకారం అవసరం. మన పేర కూడిన నో క్లెయిమ్ బోనసు బండిది కాదు, మనది. దానికి ధ్రువపత్రం తీసుకొంటే మూడేళ్ళలోగా కొనే అదే తరగతి క్రొత్త వాహనానికి వాడుకోవచ్చు. కారు అమ్మినవారు ఫాస్టాగ్ ఖాతాను కూడా మూయించవలెను. లేకుంటే వారు టోల్ గేటు దాటినప్పుడల్లా మన ఖాతాలో డబ్బు తగ్గుతుంది.

కుటుంబ సభ్యులకు ఒక మాట

మన క్వార్టర్ల షెడ్డులలో, దివంగతులైన సహోద్యోగుల స్కూటర్లు ఏళ్ళ తరబడి అలాగే ఉండడం చూస్తుంటాం. యజమాని మరణించినప్పుడు వారసులు 30 రోజులలోగా అధికారికి తెలిపినచో, మూడు నెలల వరకు వాహనాన్ని వాడుకోవచ్చు. ఆ మూడు నెలలలోగా ఫారం 31తో తమ పేర మార్చుకోవలెను. దుఃఖంలో ఉన్న ఇంటివారికి ఇది గుర్తుండదు. పక్క క్వార్టరులోని మనమే గుర్తుచేసి, వెంట వెళ్ళి పని పూర్తి చేయించడం మంచిది.

అమ్మేవారు పాటించవలసిన క్రమం

1. బేరానికి ముందే హైపోథికేషన్ తొలగింపు, పెండింగు ఛాలాన్ల చెల్లింపు పూర్తి చేసుకోవలెను.

2. అప్పగింత పత్రం మీద తేదీ, సమయం, కొన్నవారి చిరునామా, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉండవలెను. సమయం ఎందుకంటారా? సాయంత్రం అమ్మిన బండికి ఉదయం ఛాలాను పడి ఉండవచ్చు.

3. ఫారాలలో ఏ గడీ ఖాళీగా వదలరాదు. కొన్నవారి గుర్తింపు పత్రాల నకళ్ళు దగ్గర ఉంచుకోవలెను.

4. వీలైతే కొన్నవారితో కలిసి దరఖాస్తు దాఖలు చేయవలెను. చాలా రాష్ట్రాలలో ఇది ఇంటినుండే ఆన్‌లైన్‌లో సాధ్యం. పేరు మారేవరకు కొంత పైకం నిలిపి ఉంచుకోవడానికి ముందే ఒప్పుకొంటే ఆలస్యం ఉండదు.

5. పేరు మారిన ఆర్.సి. నకలు చేతికి వచ్చేవరకు ఫైలు మూయరాదు. వచ్చిన తరువాత కూడా పారవేయరాదు.

ఇదివరలో బండి అమ్మినవారు ఈ సంచిక చదివిన తరువాత ఒక్క పని చేయవలెనని మా మనవి. పాత నంబరు గుర్తు తెచ్చుకొని, రవాణా శాఖ వెబ్‌సైటులో అది నేడు ఎవరి పేర ఉన్నదో చూడండి. మీ పేరే ఉన్నట్లయితే కొన్నవారిని వెదకి పట్టుకోవడానికి ఇదే సమయం. వారు దొరకకపోతే రవాణా కార్యాలయానికి వ్రాతపూర్వకంగా తెలిపి రసీదు తీసుకోండి. అయిదు నిమిషాల పని అది. ఆ అయిదు నిమిషాలు మన ఇంటివారికీ మేలు చేస్తాయి, రేపు ఆ బండి వల్ల నష్టపోయే వారికి జవాబుదారీ ఎవరో తెలియడానికీ తోడ్పడతాయి.