పొగమంచులో పుదీనా

రమజాన్ వచ్చిందంటే పుదీనా లేని దస్తర్‌ఖాన్ మన ఇళ్ళలో అరుదు. చట్నీకైనా, షర్బత్‌కైనా, బిర్యానీకైనా అది కావలసిందే. అయితే మేముంటున్నది రెండవ అంతస్తులోని అద్దె ఇల్లు. పెరడు లేదు, వరండాలోకి ఎండ రాదు. కుండీలు పెడితే నీరు కింది ఇంటివారి గుమ్మంలోకి కారుతుంది. పొరుగువారిని ఇబ్బంది పెట్టే పచ్చదనం మనకు శోభించదు. అందుకే మట్టి అవసరం లేని, కొద్దిపాటి నీటితో సాగే పొగమంచు సాగును ఇంట్లోనే ప్రయత్నించాము.

పొగమంచు పుట్టే తీరు

ఇందులో ముఖ్యమైన పరికరం ఫాగర్. నీటిలో మునిగి ఉండే దాని చిన్న పింగాణీ బిళ్ళ సెకనుకు సుమారు 17 లక్షల సార్లు కంపిస్తుంది. ఆ కంపనానికి నీరు మరగకుండానే దాదాపు 5 మైక్రాన్ల బిందువులుగా విడిపోతుంది. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని ఈ బిందువులు గాలిలో వేలాడే వేళ్ళను చుట్టుముడతాయి. వేళ్ళకు నీరు, పోషకాలు, ప్రాణవాయువు ఒకేసారి అందుతాయి.

అమరిక

వెలుతురు చొరబడని, మూత ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకున్నాము. వెలుతురు సోకితే నీటిలో పాచి పెరుగుతుంది. మూతకు జానెడు దూరంలో ఒక్కొక్కటిగా 6 రంధ్రాలు చేసి, జాలీ కప్పులు అమర్చాము. 24 వోల్టుల ఫాగర్‌ను థర్మోకోల్ ముక్కకు బిగించి నీటిపై తేలనిచ్చాము. బిళ్ళపై రెండు మూడు అంగుళాల నీరు ఎల్లప్పుడూ నిలవాలి. నీరు లేకుండా నడిస్తే అది కాలిపోతుంది.

బజారు కట్టలోని పుదీనా కాడలనే కత్తిరించి, కింది ఆకులు తీసి, గ్లాసు నీటిలో ఉంచితే పది రోజులలోపే వేళ్ళు వచ్చాయి. వాటిని స్పాంజి ముక్కలతో కప్పుల్లో నిలిపాము. పైన తెల్లని ఎల్‌ఈడీ దీపాన్ని రోజుకు 14 గంటలు వెలిగించాము. టైమర్ సహాయంతో ఫాగర్‌ను పది నిమిషాలు నడిపి, పది నిమిషాలు ఆపాము.

బోరు నీటిలోని లవణాలు బిళ్ళపై పేరుకుంటాయి గనుక శుద్ధి చేసిన నీటినే వాడాలి. హైడ్రోపోనిక్ పోషక ద్రావణాలు ‘ఎ’, ‘బి’లను చిక్కగా ఉన్నప్పుడు కలపరాదు, కలిపితే విరిగి అడుగున పేరుకుంటాయి. ముందు ఒకటి నీటిలో బాగా కలిపి, తరువాత రెండవది పోయాలి. సీసాపై సూచించిన మోతాదులో సగం చాలు. పీహెచ్ 5.5 నుండి 6.5 మధ్య ఉండాలి.

మేము చేసిన పొరపాటు

మూడు వారాలకు పెట్టె పచ్చగా నిండింది. అంతలో బంధువుల ఇంట వలీమాకు వెళ్ళి రెండు రోజులు ఉండిపోయాము. తిరిగి వచ్చేసరికి ఆరు మొక్కలూ తలవాల్చి ఉన్నాయి. ఇంట్లో కరెంటు పోయి చాలాసేపు రాలేదని పొరుగువారు చెప్పారు. వేళ్ళు ఎండి గోధుమరంగు దారాలైపోయాయి. దాదీమా ఒక్కటే మాట అన్నారు: “మట్టికి ఓర్పుంది బేటా, మీ పొగకు లేదు.”

ఆ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. యంత్రం ఉన్నదన్న ధీమాతో మొక్కల బాధ్యతను దానికే వదిలేశాము. ప్రాణమున్న దానిని పెంచడం కూడా ఒక అమానత్ అని మరచాము.

రెండవసారి వేళ్ళ కొనలు నీటిని తాకేలా మట్టాన్ని పెంచాము. ఇప్పుడు పై వేళ్ళకు పొగమంచు, కింది వేళ్ళకు నీరు. కరెంటు పోయినా మొక్క కొంతకాలం నిలుస్తుంది. ఫాగర్ నీటిని వేడెక్కిస్తుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తగ్గి వేళ్ళు కుళ్ళుతాయి. అందుకే వేసవిలో గడ్డకట్టిన నీటి సీసాను డబ్బాలో ఉంచుతున్నాము. ఉదయం నీటి మట్టం చూడడం పెద్దబ్బాయి పని. శుక్రవారం ప్లగ్ తీసి, బిళ్ళను పలుచని వెనిగర్‌తో తుడవడం, నీరు మార్చడం పెద్దల పని. కరెంటు ఉండగా నీటిలో చేయి పెట్టరాదని పిల్లలకు గట్టిగా చెప్పాము.

లాభమెంత?

కరెంటు, పోషకాల ఖర్చు లెక్కిస్తే బజారు పుదీనాయే చౌక. కాబట్టి ఆదాయం ఆశించి ఎవరూ దీనిని మొదలుపెట్టరాదు. మాకు దక్కినది వేరు. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరు కన్నా తక్కువ నీటితో వుజూ చేసేవారని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాము. డబ్బాలో నీటి మట్టాన్ని తామే కొలుస్తున్న తరువాత కొళాయిని కట్టేయమని వారికి గుర్తు చేయవలసిన అవసరం తగ్గింది. ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతని పక్షాన సదఖా అవుతుందన్న ప్రవక్త (స) బోధన వారికిప్పుడు తమ పెట్టె గురించి చెప్పినట్లే అనిపిస్తుంది.

రెండవ విడత పుదీనా కోసిన రోజు మొదటి కట్ట ఎవరికని పిల్లలను అడిగాము. వారు సమాధానం చెప్పకుండానే కట్ట పట్టుకొని మెట్లు దిగి, కింది ఇంటి తలుపు తట్టారు. అల్‌హమ్దులిల్లాహ్!