డిస్కో దెబ్బకు కాళ్లు ఎందుకు కదులుతాయి?

ధర్మపురిలో లగ్గమైన రాత్రి బరాత్‌లో డీజే ఎన్ని కొత్త పాటలు వేసినా, మధ్యలో ‘డిస్కో డాన్సర్’ టైటిల్ పాట పడిందంటే లెక్క మారిపోతుంది. 1982 నాటి సినిమా. బప్పీ లహిరి బాణీ, విజయ్ బెనెడిక్ట్ గొంతు, మిథున్ చక్రవర్తి స్టెప్పులు. అప్పటిదాకా పక్కన నడుస్తున్న అరవై ఏళ్ల పెద్దమనుషులు కండువా సర్దుకుని గుంపులోకి దూరతారు. వాళ్లను లాగింది పాటా, పాత రోజులా? రెండూ కలిసే లాగాయంటుంది మెదడు శాస్త్రం.

ముందు కాళ్ల సంగతి. డప్పులో సిర్ర, సిటికెన పుల్ల కలిసి దరువును మారుస్తూ పోతాయి. డిస్కోలో పైన ఏ వాయిద్యం ఏం చేసినా అడుగున పెద్ద డ్రమ్ము మాత్రం ప్రతి మాత్రకూ పడాల్సిందే. వేగం నిమిషానికి 120 దెబ్బల చుట్టుపక్కల ఉంటుంది. మామూలుగా నడిచేటప్పుడు మనం వేసేది కూడా సెకనుకు దాదాపు రెండు అడుగులే. స్కానర్‌లో కదలకుండా పడుకుని లయ విన్నా సరే, కదలికలను నడిపే బేసల్ గాంగ్లియా, ప్రీమోటార్ కార్టెక్స్ చురుగ్గా పనిచేస్తాయని జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ 2007లో చూపించారు. అంటే మనం లేచి ఆడకపోయినా మెదడు అప్పటికే ఆడుతోందన్నమాట.

తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో మెదడు ముందే అంచనా కడుతుంది. ఇష్టమైన పాటలో ఒళ్లు ఝల్లుమనే ఘట్టం ఇంకా రాకముందే కాడేట్ అనే భాగంలో, వచ్చాక న్యూక్లియస్ అక్కంబెన్స్‌లో డోపమిన్ విడుదలవుతుందని 2011లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కనుగొన్నారు. పల్లవి కంటే ముందు వచ్చే మ్యూజిక్‌కే ఈలలు పడేది అందుకే.

ఈ అంచనా ఎంత కచ్చితమో టేప్ రికార్డర్ వాడినవాళ్లకు తెలుసు. క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడవాలి. సెల్లులు వీకైతే మోటారు మందగిస్తుంది, పాట సాగుతుంది, గొంతు బొంగురుపోతుంది. సంగీతం రాని పిల్లవాడు కూడా ఠక్కున పట్టేస్తాడు. డేనియల్ లెవిటిన్, పెరీ కుక్ 1996లో మామూలు మనుషులను తెలిసిన పాటలు పాడమన్నారు. 72 శాతం సందర్భాల్లో వేగం అసలు పాటకు 8 శాతం లోపు తేడాతోనే వచ్చింది.

ఇక పాత రోజులు. పెద్దవయసు వాళ్లను జీవితంలోని జ్ఞాపకాలు చెప్పమంటే పది నుంచి ముప్పై ఏళ్ల మధ్యవే ఎక్కువగా చెబుతారు. మొదటి దోస్తులు, మొదటి సినిమా, మొదటి జీతం, అన్నీ ఆ వయసువే. ఆ రోజుల్లో డిస్కో ఎటు తిరిగినా వినిపించేది. ‘డిస్కో డాన్సర్’ 1984లో బాలకృష్ణతో ‘డిస్కో కింగ్’ అయింది. 1986లో ‘సింహాసనం’తో బప్పీ లహిరి తెలుగు తెరకూ వచ్చాడు. పాట, సొంత జ్ఞాపకం కలుసుకునే చోటు నుదుటి వెనక ఉండే మీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అని 2009లో పీటర్ జనాటా చూపాడు.

మరి అదే బరాత్‌లో ఇరవై ఏళ్ల పోరగాళ్లు ఎందుకు ఎగురుతున్నారు? కార్నెల్ విశ్వవిద్యాలయంలో కరోల్ క్రమ్‌హాన్స్ల్ బృందం ఇరవై ఏళ్ల విద్యార్థులకు 1955 నుంచి 2009 దాకా హిట్టయిన అమెరికన్ పాటలు వినిపించింది. ఈ కాలం పాటలతో పాటు 1980ల తొలినాళ్ల పాటలూ వాళ్ల జ్ఞాపకాల్లో బలంగా ఉన్నాయని 2013లో తేలింది. అవి వాళ్ల అమ్మానాన్నలు పడుచువాళ్లుగా ఉన్నప్పటి పాటలు, ఇంట్లో వింటూ పెరిగినవి. ఆస్తి పంపకానికి కాగితాలు కావాలి. పాటకు మాత్రం వంటింట్లో మోగే రేడియో చాలు.