మీకు తెలుసా? భవనాన్ని పేల్చే ముందు లోపల ఏం జరుగుతుందో!

● నెల్లూరు దగ్గరి మైపాడు ఒడ్డున ఉండేవాళ్లకు భయమంటే తుపానే. కానీ 1967 మార్చి 27న ఇదే తీరం వెంట, ఉత్తరాన ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూమి కంపించింది. 2016 నాటి భారత ప్రమాణాల ప్రకారం హైదరాబాద్ రెండో భూకంప జోన్‌లో ఉంటే నెల్లూరు అంతకంటే ముప్పు ఎక్కువైన మూడో జోన్‌లో ఉంది. భూకంపానికి దెబ్బతిన్న భవనాన్ని ఒక్కోసారి పేల్చి కూల్చాల్సి వస్తుంది.

● పేలుడు మందు భవనాన్ని పిండి చేయదు. ఎంచుకున్న కొన్ని అంతస్తుల పిల్లర్లను మాత్రమే విరగ్గొడుతుంది. మిగతా పనంతా పైనున్న బరువుదే.

● అసలు శ్రమ అంతకుముందు వారాలది. తలుపులు, కిటికీలు, కరెంటు తీగలు, గ్యాస్ గొట్టాలు తీసేస్తారు. బరువు మోయని గోడలు పడగొడతారు. పిల్లర్లకు రంధ్రాలు వేసి మందు కూరతారు. పెచ్చులు ఎగిరిపోకుండా పిల్లర్ చుట్టూ ఇనుప జాలి, దాని మీద మందపాటి గుడ్డ చుడతారు. ఏ పిల్లర్ ముందు, ఏది తర్వాత అన్నది డిటోనేటర్లలో క్షణాల తేడాతో ముందే అమరుస్తారు. భవనం ఎటు ఒరగాలో తేల్చేది ఆ తేడాయే. 2022 ఆగస్టు 28న నోయిడా జంట టవర్లకు సుమారు 3,700 కిలోల మందు పట్టింది.

● భూకంపానికి దెబ్బతిన్న భవనంలో ఇదే పని ప్రాణాంతకం. ఏ పిల్లర్ ఎంత బరువు మోస్తోందో పాత ప్లాన్ చూసి చెప్పలేం. మళ్లీ చిన్న ప్రకంపన వచ్చినా చాలు, భవనం కూలిపోవచ్చు. బీటల గుండా పేలుడు వాయువు బయటికి పోతే మందు బలం తగ్గుతుంది. అందుకే ముందు బయటి నుంచి కొలుస్తారు, ఊతాలు పెడతారు, లోపలికి వీలైనంత తక్కువ మందిని పంపుతారు. 2011లో భూకంపం దెబ్బతీసిన న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రేడియో నెట్‌వర్క్ హౌస్‌ను 2012 ఆగస్టు 5న ఇలా పేల్చి కూల్చారు.

● మనకు దగ్గరి ఉదాహరణ చెన్నై మౌలివాక్కం. భూకంపం లేకుండానే, 2014 జూన్ 28న, కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వలస వెళ్లిన కూలీలు చాలామంది. పక్కనే మిగిలిన జంట భవనాన్ని 2016 నవంబర్ 2న పేల్చేశారు. పేల్చేటప్పుడు చుట్టుపక్కల ఇళ్లన్నీ ఖాళీ చేయించారు. కట్టేటప్పుడే అంత జాగ్రత్త ఉండి ఉంటే ఆ కూలీలు బతికేవాళ్లు.

● కొచ్చి దగ్గర మరడులో తీరప్రాంత నిబంధనలు మీరి కట్టిన అపార్ట్‌మెంట్లను 2020 జనవరి 11, 12 తేదీల్లో కూల్చినప్పుడు ఐఐటీ మద్రాస్ బృందం నేల అదురును కొలిచింది. శిథిలాలు పడే దెబ్బకు పక్క ఇళ్లు బీటలు వారకూడదు కదా!