బాక్సు బంగారమే... లోపం వైర్లలోనే!

బేస్ తగ్గిందని కొత్తది కొనేముందు ఇవి చూసుకోండి

(గ్రామీణ విలేకరి)

కారు కొన్నాక డిక్కీలో బేస్ బాక్సు ఎక్కించడం మన వూళ్లలో పరిపాటి అయిపోయింది. సొంత కార్ల సంగతి అటుంచితే, పెళ్లి బృందాలను తిప్పే అద్దె కార్ల వారికి ఇది బేరం తెచ్చే సరంజామా కూడా. పాటలు బాగా వస్తాయా అని అడిగి మరీ బండి మాట్లాడుకునే కుర్రకారుకు కొదవ లేదు. అటువంటి బాక్సు నాలుగు నెలలకే దమ్ము తగ్గి రేకు డబ్బాలా మోగితే యజమాని గుండె గుభేలుమంటుంది. వూఫర్ పోయింది, మార్చాలి అనో, ఇంకా పెద్ద యాంప్ కావాలి అనో సలహాలు తేరగా వస్తాయి. బండి వాయిదాలు కట్టుకుంటున్న డ్రైవరుకు అది మరో అప్పు.

అనుభవం గల ఆటో ఎలక్ట్రీషియన్ల మాట వేరు. ముందు వైర్లు చూడండి, ఆ తర్వాతే వూఫర్ సంగతి అంటారు వారు. వైర్లు చూసుకోవడానికి కావలసింది ఒక స్క్రూడ్రైవరు, ఒక మామూలు మీటరు, గడియారంలో వేసే సెల్లు. అంతే.

రెండు వూఫర్లకు పడకపోతే...

రెండు వూఫర్లు వుండి బేస్ మాత్రం లేదంటే మొదట అనుమానించవలసింది ప్లస్, మైనస్‌లనే. ఒకదానికి వైర్లు తారుమారైతే ఒక కోను ముందుకు తోసినప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. ఒకటి పుట్టించిన గాలి అలను రెండోది మింగేస్తుంది. బండి నిండా కరెంటు ఖర్చు, చెవికి మాత్రం శూన్యం.

పరీక్ష సులువు. యాంప్ నుంచి వూఫర్ వైర్లు విప్పి, 1.5 వోల్టుల సెల్లు ప్లస్‌ను వూఫర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించాలి. కోను బయటికి వస్తే సరైనదే. లోపలికి పోతే వైర్లు తిరగబడ్డాయన్నమాట. యాంప్ లోపలే అమర్చిన బాక్సులకు మాత్రం ఈ పరీక్ష చేయరాదు. ఒకే వూఫర్ వున్నవారు యాంప్ మీది ఫేజ్ స్విచ్‌ను 0 నుంచి 180కి మార్చి చూడాలి. తలుపుల స్పీకర్లతో కలిసి ఏ వైపు బేస్ నిండుగా వస్తే అదే సరైనది.

మూరెడు ఎర్త్ వైరు

బేస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయా? కరెంటు చాలడం లేదన్నమాట. నిజంగా 500 వాట్లు ఇచ్చే యాంప్ పూర్తి జోరులో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది. ఒక హెడ్‌లైటు బల్బు తాగేది 5 ఆంపియర్లే. ఇంత కరెంటు తిరిగి రావడానికీ దారి కావాలి. ఆ దారే ఎర్త్ వైరు.

ఈ వైరు మూరెడుకు మించకుండా వుండాలి. బిగించిన చోట పెయింటు గీకి, మెరిసే ఇనుముకు బోల్టు వేయాలి. పెయింటు మీదే బిగించి వదిలేయడం తరచుగా జరిగే పొరపాటు. పాట జోరుగా మోగుతుండగా మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్‌కు, రెండో కొనను యాంప్ ఎర్త్‌కు పెట్టండి. అర వోల్టు దాటితే ఎర్త్ బలహీనమే. ఇంజన్ ఆపి వుంచితే నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. ఇంజన్ నడుస్తుంటే చాలా కార్లలో 13.5 నుంచి 14.5 దాకా వుంటుంది.

ఎర్ర లైటు వెలిగితే...

యాంప్ మీద ఎర్ర లైటు వెలిగి పాట ఆగిపోతే అది తనను తాను కాపాడుకుంటోందన్నమాట. వూఫర్ వైర్లలో ఎక్కడో ఇనుము తాకి వుండవచ్చు. లేదా ఓమ్‌ల లెక్క తప్పి వుండవచ్చు. 4 ఓమ్‌ల కాయిళ్లు రెండింటిని పక్కపక్కన కలిపితే 2 ఓమ్‌లు, వరుసగా కలిపితే 8 ఓమ్‌లు అవుతాయి. 4 ఓమ్‌లకు తగ్గరాదని రాసివున్న యాంప్‌కు 2 ఓమ్‌లు తగిలిస్తే వేడెక్కి ఆగక ఏం చేస్తుంది?

బేస్ బరబరలాడుతుంటే గెయిన్ మరను అనుమానించాలి. గెయిన్ అంటే సౌండు పెంచే మర కాదు. డెక్కును ముప్పావు వంతు పెంచి, బేస్ బూస్ట్ ఆపి, గెయిన్‌ను మెల్లగా తిప్పుతూ బొంగురు వినిపించగానే కాస్త వెనక్కి తేవాలి. లో పాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్ దగ్గర వుంచితే చాలు. ఇవన్నీ చూశాకే వూఫర్ వంతు. కోనును వేళ్లతో సమంగా నొక్కితే గరగర రాపిడి వినిపించినా, మాడు వాసన వచ్చినా కాయిల్ దెబ్బతిన్నట్టే. అప్పుడు మార్చక తప్పదు.

ఫ్యూజు మరిస్తే బండికే ముప్పు

డబ్బు పోతే పోయింది, బండే పోతే? బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వెళ్లే లావు ప్లస్ వైరుకు బ్యాటరీ దగ్గర మూరెడు లోపే ఫ్యూజు వుండాలి. యాంప్ పక్కన వున్న ఫ్యూజు యాంప్‌నే కాపాడుతుంది, వైరును కాదు. ఇంజను గది నుంచి రేకు రంధ్రంలో దూరే చోట రబ్బరు వాషరు లేకపోతే కుదుపులకు తొడుగు అరిగి, రాగి ఇనుమును తాకుతుంది. అక్కడ ఆపే ఫ్యూజు లేకపోతే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారి వైరు నిప్పుకణికవుతుంది.

చవకగా దొరికే వైరు కొన గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అదే లావు రాగి వైరంత కరెంటు మోయలేదు.

వైర్లు ముట్టుకునే ముందు బ్యాటరీ మైనస్ విప్పడం మరవవద్దు. మీటరు పరీక్ష కోసం మాత్రమే తిరిగి తగిలించాలి. పెళ్లిళ్ల రోజులు వచ్చాయంటే బండికి తీరిక వుండదు. ఈలోగా ఒక పూట కేటాయించి డిక్కీ తెరిచి చూసుకుంటే పాటా దక్కుతుంది, బతుకుదెరువైన బండీ దక్కుతుంది.