పాత కాగితాల దగ్గర రెండు జాగ్రత్తలు

బ్రిటన్‌లోని స్థానిక ఆర్కైవ్స్‌లో చాలా పని వాలంటీర్ల చేతుల మీదుగా సాగుతుంది. రిజిస్టర్ల దుమ్ము దులిపేదీ, పేర్లు కంప్యూటర్‌కి ఎక్కించేదీ ఎక్కువగా వాళ్లే. జీతం ఇవ్వనంత మాత్రాన వాళ్ల క్షేమానికీ, వాళ్ల చేతిలో పెట్టిన రహస్యాలకూ సంస్థ పూచీ తప్పదు. కాగితాలతో ప్రమాదమేముంటుందని అనిపించవచ్చు. కానీ 19వ శతాబ్దపు ఐరోపా పుస్తకాల పచ్చ అట్టలు కొన్నింటిలో ఆర్సెనిక్ ఉంది. ఆ అనుమానంతోనే ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం 2024లో నాలుగు పుస్తకాలను పాఠకులకు ఇవ్వడం ఆపేసింది. పాత నైట్రేట్ ఫిల్మ్ అంటుకుంటే నీళ్లలో ముంచినా మండుతూనే ఉంటుంది, కావలసిన ఆక్సిజన్ తనలోంచే పుడుతుంది గనక. బూజు పట్టిన కట్టలు ఉబ్బసం ఉన్నవారికి పడవు. మానసిక ఆసుపత్రుల కేసు రికార్డులు రోజుల తరబడి చదివితే మనసూ నలుగుతుంది. వీటిలో చాలావరకు వాలంటీరు చూసి పసిగట్టగలిగేవి కావు. అందుకే పెట్టెలో ఏముందో సిబ్బంది ముందే చూసి, ఆ తర్వాతే బల్ల మీదికి పంపాలి.

గోప్యతకు కూడా దారి ఇదే, ముందుగా చూసుకోవడం. 1940లో అయిదేళ్ల వయసులో బడిలో చేరిన పిల్ల ఇప్పటికీ బతికే ఉండవచ్చు. అందుకే బతికున్నదీ లేనిదీ తెలియనప్పుడు నూరేళ్ల ఆయుష్షు లెక్కగట్టడం బ్రిటన్ ఆర్కైవ్స్‌లో ఆనవాయితీ. ఆ పిల్ల వివరాలకు 2035 దాకా కాపలా ఉంటుంది. అలాంటి రికార్డులు ఇచ్చేముందు వాలంటీరుతో గోప్యతా పత్రం మీద సంతకం చేయించుకోవాలి. సేవ చేయడానికి వచ్చినవారిని సంతకం అడగడం అవమానం కాదా అని కొందరంటారు. నిజానికి ఆ సంతకం వాలంటీరుకే అండ. పొరుగువారు తమ బంధువు కేసు గురించి ఆరా తీస్తే, చెప్పడం తన చేతుల్లో లేదని మొహమాటం లేకుండా తప్పుకోవచ్చు. చరిత్రను దాచిపెట్టడానికా ఆర్కైవ్స్ ఉన్నది అన్నది మరో ఆక్షేపణ. దాచడం వేరు, గడువు పెట్టడం వేరు. ఇంగ్లండ్, వేల్స్‌ల 1921 జనగణన పత్రాలు నూరేళ్లు బీరువాల్లో ఉండి, 2022 జనవరిలో అందరికీ అందాయి. మన దేశంలో 1948 జనగణన చట్టం మరీ కఠినం, ఆ రికార్డులు చూసే హక్కు ఎవరికీ లేదంటుంది.

చిన్న సంస్థలకు ఇంత తాహతు ఎక్కడిదన్న ప్రశ్న సహజమే. కానీ మాస్కు, తాళం, ముందుగా రాసుకున్న పెట్టెల జాబితా, వీటికి పెద్దగా డబ్బు అక్కర్లేదు, క్రమశిక్షణ కావాలి. ఆ మూడూ సిద్ధం చేసుకోలేని ఆర్కైవ్స్, వాలంటీర్లను పిలవకుండా ఉండటమే మేలు.